దిండ్ల కొట్టులో దిండు లేని మంచం

మార్చి 4

అత్తకు నమస్కారాలు.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. అక్కకు ఇంకా ఏడు వారాలే గడువుంది. పుట్టబోయే బిడ్డకు నువ్వు తొట్టి మంచం సిద్ధం చేస్తున్నావని నిన్న అక్క ఫోనులో చెప్పింది. అందులో ఏమేమి పెట్టావో కూడా చెప్పింది. అది విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. బిడ్డ వచ్చేలోగా ఆ మంచం మారాలి. మార్చగలిగేది నువ్వొక్కదానివే, ఎందుకంటే మేడ మీద గదిలో మేకు కొట్టాలన్నా అక్కా బావా కిందికి దిగొచ్చి నిన్ను అడుగుతారు.

ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు నా మాట సగం వినకుండానే "సరేలే, తిన్నావా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే ఎదురు కొట్టు గడియారాల బాబాయి చదివి వినిపిస్తాడు. ఆయన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు. బాబాయ్, దయచేసి నెమ్మదిగా చదవండి. అత్త లేచి కొట్టు సర్దడం మొదలుపెడితే ఆగి, కూర్చున్నాక మళ్ళీ మొదలుపెట్టండి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఉద్యోగం వచ్చి ఆరు నెలలైనా, నేను చేసే పనేమిటో నీకు చెప్పలేదు. "ఆఫీసు" అని ఊరుకున్నాను. మన ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేను. నీ చేతులు దూది ఏకీ ఏకీ కాయలు కాచింది నా ఫీజుల కోసమే. అలాంటిది, నేను రోజంతా చిన్నపిల్లల మంచాల మీద ఇసక మూటలు పడేస్తుంటానని ఎలా చెప్పను? కానీ అదే నా పని. పిల్లల సామాన్లు బజారులోకి రాకముందు మా దగ్గరికి వస్తాయి. మూడో అంతస్తులో పొడవాటి గది. గోడ వెంట తొట్టి మంచాలు గొర్రెల మందలా నిలబడి ఉంటాయి. నేను చువ్వల మధ్య సందులు కొలుస్తాను, కమ్మీలు పట్టుకుని ఊపుతాను, పరుపు మీద ఒకే చోట వెయ్యిసార్లు మూట పడేస్తాను. తొమ్మిది వందల చిల్లర దగ్గర లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

ఈ ఆరు నెలల్లో నేర్చుకున్నది నీకు నాలుగు ముక్కల్లో చెబుతాను. నెలల బిడ్డకు మెడ నిలవదు. ముఖం మెత్తటిదానిలో కూరుకుపోతే పక్కకు తిప్పుకోలేదు, వదిలిన గాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. ఏడవను కూడా ఏడవదు. అందుకని పరుపు గట్టిగా, బల్లపరుపుగా ఉండాలి. దాని మీద బిగుతుగా ఒక్క దుప్పటి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. ఇక ఆ మంచంలో ఏమీ ఉండకూడదు. దిండు వద్దు, బాలీసు వద్దు, బొంత వద్దు, బొమ్మ వద్దు.

ఇప్పుడు అక్క చెప్పిన జాబితా: జానెడు మందం పరుపు, తలకింద దిండు, చుట్టూ నాలుగు బాలీసులు, కాళ్ళ దగ్గర ఇంకొకటి, కప్పడానికి బొంత, ఆ పైన దూది కుక్కిన కుందేలు. అత్తా, అందులో బిడ్డను ఎక్కడ పెడదామని?

నీ మీద గౌరవంతో, కొంచెం భయంతో,
చిన్నది


మార్చి 11

ఏమే చిన్నదానా,

నీ ఉత్తరం అందింది. గడియారం మూడుసార్లు చదివాడు. మొదటిసారి నాకు, రెండోసారి మీ అక్కకు, మూడోసారి కొట్టుకొచ్చిన ఆరుగురికి. నేను చదవమనలేదు, వాళ్ళే అడిగారు. (రాసేవాడి మాట: ఎవరూ అడగలేదు. ఆమే "మా పిల్ల రాసింది, వినండి" అని కూర్చోబెట్టింది. విన్నాక ఆరుగురూ దిండ్లు కొనకుండా వెళ్ళిపోయారు.)

మంచాల మీద మూటలు పడేసినందుకు జీతమిస్తారా? ఆ పని మీ బావ ఊరకే చేస్తాడు. సాయంత్రం పని నుంచి రాగానే మంచం మీద వెయ్యి మూటల బరువుతో పడతాడు. ఆయన్ని కూడా తీసుకోమను. నువ్వు దాచావని కోపం లేదు. కోపం దేనికంటే, చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు, దిండ్ల కొట్టులో పుట్టబోయే బిడ్డకు దిండు వద్దంటున్నావే, అందుకు. చెప్పులు కుట్టేవాడి బిడ్డ వట్టి కాళ్ళతో తిరిగితే లోకం ఎవర్ని చూసి నవ్వుతుంది?

నువ్వు పుట్టినప్పుడు నీ చుట్టూ ఏడు దిండ్లు పెట్టాను. చచ్చావా? బతికి, చదువుకుని, నాకే నీతులు చెబుతూ ఉత్తరాలు రాస్తున్నావు.

అయినా నా మాటే నెగ్గాలనే మనిషిని కాను నేను. నువ్వు చెప్పినవి విన్నాను. పరుపు గట్టిగా ఉండాలన్నావు కదా, కుట్టు విప్పి ఇంకో ఐదు కిలోల దూది కూరాను. ఇప్పుడు రాయి. మీద గుద్దితే నా చెయ్యే నొచ్చింది. కాకపోతే కాస్త ఎత్తు పెరిగింది. కమ్మీ అంచుకు నాలుగు వేళ్ళు తక్కువ. (రాసేవాడి మాట: రెండు వేళ్ళు. నేనే కొలిచాను. బిడ్డ అటు దొర్లితే నేరుగా కిందే.) దొర్లితే పడుతుందని ఈయన గోల. అందుకని నేల మీద చుట్టూ పరుపులు పరిచాను. ఇక పడితే మాత్రం ఏమవుతుంది?

మొన్న మీ అక్కను చూడడానికి నర్సమ్మ వచ్చింది. ఆమె కూడా నీలాగే ఏదో గొణిగింది. నడుంనొప్పి అంటోంది పాపం, వీపు వెనక పెట్టుకోమని ఒక దిండు ఇచ్చి పంపాను. ఇంకేం మాట్లాడలేదు.

వేళకు తిను. మూటలు ఎత్తేటప్పుడు నడుం వంచకు, మోకాళ్ళు వంచు.

మీ అత్త
(చెప్పినది చెప్పినట్టు రాసినవాడు: గడియారం)


మార్చి 17

అత్తా,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాల వేళ అందింది. పరుపు ఎంత ఎత్తుందో కాగితం మీద బొమ్మ గీసి చూసుకుంటుంటే మా ఆఫీసు పెద్దాయన వెనక నుంచి చూశాడు. "ఇదేమిటి, బిడ్డను అటక మీద పెడుతున్నారా?" అన్నాడు. మా అత్త కుట్టిన పరుపు అన్నాను. నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత మాత్రం నవ్వు ఆపి, "వెంటనే రాయమ్మా" అన్నాడు.

పరుపు గట్టిగా ఉండడమంటే బెత్తెడు మందంలో గట్టిగా ఉండడం. కమ్మీలు దాని పైన బాగా ఎత్తుగా మిగలాలి. నేల మీద పరుపులు తీసేయి. బిడ్డ వాటి మీద బోర్లా పడితే అదీ ప్రమాదమే. పైగా అక్క తట్టుకుని పడుతుంది, ఆమెకిప్పుడు కాళ్ళు కనబడవు.

పరుపుకీ మంచం అంచుకీ మధ్య సందు ఉండకూడదు. రెండు వేళ్ళు పట్టాయంటే ఎక్కువ. చువ్వల మధ్య కూడా ఎక్కువ సందు ఉండకూడదు. పిల్ల ఒళ్ళు జారిపోయి తల ఇరుక్కుంటుంది. నువ్వు వేళ్ళతో కొలవకుండా, నేనే ఒక చెక్కముక్క పంపుతున్నాను. ఆరు సెంటీమీటర్లు, అన్ని వైపులా ఒకటే. ఇది ఏ సందులోంచి దూరినా ఆ సందు పనికిరాదు.

మన కొట్టు పరుపుల గురించి బాధపడకు. మెత్తటి పరుపులు మా దగ్గరికి రోజూ వస్తుంటాయి. గుండ్రటి ఇనుపబిళ్ళకు పక్కకు చాచిన పుల్ల ఒకటి బిగించి ఉంటుంది. ఆ బిళ్ళను పరుపు మీద పెడతాం. పరుపు కుంగితే పుల్ల గుడ్డకు తగులుతుంది. నువ్వు కుట్టే పరుపులన్నీ ఆ పరీక్షలో తప్పుతాయి. అందులో వింతేమీ లేదు.

అక్కకు ముద్దులు. కుందేలును నాకు పంపించు, బల్ల మీద పెట్టుకుంటాను.

చిన్నది


మార్చి 25

చదువుకున్న అమ్మాయికి,

"నువ్వు కుట్టే పరుపులన్నీ తప్పుతాయి." ఈ మాట గడియారం చదివినప్పుడు కొట్టులో బేరగాళ్ళు లేరు. అదొక్కటే అదృష్టం. "అందులో వింతేమీ లేదు" అని కూడా ఉందట. రెండోసారి చదివించుకున్నాను, నిజంగానే ఉంది.

సరే. నీ చెక్కముక్క పని చెబుతాను విను. ముందు కొట్టు మెట్ల కటకటాలు కొలిచాను. దూరింది. గడియారం కిటికీ చువ్వలు కొలిచాను. దూరింది. ఎదురింటి వరండా, మందుల కొట్టు తలుపు, బస్సు ఆగే చోట బల్ల, అన్నీ దూరాయి. ఈ వీధిలో బిడ్డను దించడానికి చోటు లేదని తేలింది. (రాసేవాడి మాట: కటింగ్ షాపులో కుర్చీ చేతుల సందు కూడా కొలిచింది. అందులో గడ్డం గీయించుకుంటున్న మనిషి ఉన్నాడు.)

చివరికి తొట్టి మంచం. పదకొండు చోట్ల దూరింది. అప్పుడు నువ్వు చెప్పింది నిజమే అనుకున్నాను. మంచి మాట ఎవరు చెప్పినా వింటాను. అందుకని పదకొండు సన్నదిండ్లు కుట్టి, ఒక్కొక్క సందులో ఒకటి కుక్కి, తాళ్ళతో బిగించాను. పరుపు పక్క సందులోకి రెండు పొడుగు బాలీసులు దిగగొట్టాను. ఇప్పుడు నీ చెక్కముక్క కాదు, గుండుసూది కూడా దూరదు. మూడు నాలుగు రోజులు పట్టింది. ఇంకేం లోపం ఉందో నీ పెద్దాయన్ని అడిగి రాయి. కళ్ళద్దాలు తుడుచుకున్నాకే అడుగు.

దిండ్లు కుట్టే మనిషి

(రాసేవాడి మాట: సంతకం మార్చమని రెండుసార్లు చెప్పి చూశాను. ఒప్పుకోలేదు. ఈ ఉత్తరం చెప్పేటప్పుడు ఆమె దబ్బనం పక్కన పడేసి ఉంది. ముప్పై ఏళ్ళలో ఆమె చేతిలో దబ్బనం లేకుండా నేను చూడలేదు.)


మార్చి 31

అత్తా,

తప్పు నాదే. "తప్పుతాయి" అని రాసిన చేతిని ఇసక మూట కింద పెట్టాలి. నీ పని మీద నాకు చిన్నచూపు లేదు. నేను ఇక్కడ అద్దెగదిలో తలకింద పెట్టుకునేది నీ దిండే. దానికి గలేబు మార్చడానికి కూడా మనసొప్పదు.

కానీ ఇప్పుడు అలగడానికి వేళ కాదు, ఇంకా మూడు వారాలే ఉంది. ఆ పదకొండు దిండ్లూ తీసేయి, దయచేసి. బిడ్డ ముఖం వాటికే వెళ్ళి ఆనుతుంది. సందులకు మందు దిండు కాదు, చువ్వ. మంచాన్ని వడ్రంగి దగ్గరికి పంపి, ఒక్కొక్క సందులో ఇంకో చువ్వ దిగగొట్టమను. పక్క బాలీసులు కూడా తీసేయి. పరుపే మంచానికి సరిపడా ఉండాలి. మంచం కిటికీ దగ్గర పెట్టకండి, తెర తాడు అందుతుంది. అక్కా బావల గదిలోనే, వాళ్ళ మంచం పక్కన వేరుగా ఉండాలి.

ఇంకొక్క మాట. కొట్టు గుమ్మం దగ్గర బుట్టలో చంటిపిల్లల దిండ్లు పెడతావు కదా, కొత్తగా తల్లయినవాళ్ళకు ఊరికే ఇస్తావు కదా. అవి కూడా ఇవ్వకు. ఇది ముందే రాయాల్సింది. రాయడానికి ధైర్యం చాలలేదు.

క్షమించమని వేడుకుంటూ,
చిన్నది


ఏప్రిల్ 7

చిన్నదానా,

బుట్ట లోపల పెట్టేశాను.

గడియారం రాసేటప్పుడు తన మాటలు కలపొద్దని చెప్పాను. ఈ ఒక్క ఉత్తరానికి కలపనన్నాడు.

నేను నెల రోజులుగా ఎందుకు వాదిస్తున్నానో నీకు తెలియలేదు. నీ ఇనుపబిళ్ళ మీద కోపంతో కాదు. మొదటి ఉత్తరం విన్న రోజే నా చూపు ఆ బుట్ట మీద పడింది. ఈ కొట్టు పెట్టినప్పటి నుంచి, ఆసుపత్రి నుంచి బిడ్డనెత్తుకుని ఈ వీధిన పోయిన ప్రతి తల్లినీ పిలిచి ఒక దిండు చేతిలో పెట్టాను. "మా అత్తగారు కూడా ఏమీ ఇవ్వలేదు, నువ్వు ఇచ్చావు" అని ఏడ్చినవాళ్ళున్నారు. ఎన్ని ఇచ్చానో నాకే తెలియదు. కొట్టులో మిగిలిన మంచి దూదంతా దానికే వాడేదాన్ని. ఎంత మెత్తగా కుట్టేదాన్నో నీకు తెలుసు.

నువ్వు చెప్పింది నిజమైతే, నేను ఇచ్చిందేమిటి? అందుకని నువ్వు చెప్పింది అబద్ధమై తీరాలి అనుకున్నాను. అంతే.

ఎవరికైనా ఏమైనా అయ్యుంటే నాకు వచ్చి చెబుతారా? చెప్పరు. దిండు వల్లనని వాళ్ళకూ తెలియదు.

నిజం రాయి. ఓదార్పు నాకొద్దు. ఓదార్చడానికి వీధి నిండా మనుషులున్నారు. నిన్ను చదివించింది నిజం చెప్పడానికి.

అత్త


ఏప్రిల్ 12

అత్తా,

నిజం రాస్తున్నాను.

ఎవరికీ ఏమీ జరగలేదని నేను చెప్పలేను. నాకు తెలియదు. మా పెద్దాయనకూ తెలియదు. దిండున్న ప్రతి బిడ్డకూ ప్రమాదం జరగదు. చాలామందికి ఏమీ కాదు, నాకు కాలేదు. కానీ ఎప్పుడు ఎవరికి జరుగుతుందో ముందు తెలియదు కాబట్టి ఎవరికీ పెట్టకూడదు. ఇది ఇరవై ఏళ్ళ క్రితం నీకు చెప్పినవాళ్ళు లేరు. మా పెద్దాయన పుట్టినప్పుడు బోర్లా పడుకోబెట్టమని ఆసుపత్రిలో డాక్టరే చెప్పాడట. ఆ డాక్టరుకు నీకంటే ఎక్కువ చదువుంది. అప్పటికి తెలిసింది అంతే.

ఇప్పుడు తెలిసింది. అందుకని ఒక లెక్క అడుగుతాను. ఏడాది దాటిన పిల్లల గురించి ఆలోచించకు, వాళ్ళు దిండును కాళ్ళతో తన్నేస్తారు. ఈ ఏడాదిలో పుట్టినవాళ్ళకు ఎన్ని ఇచ్చావు? నీకు బిల్లులు గుర్తుండవు గానీ ముఖాలు గుర్తుంటాయి. ఆ ఇళ్ళకు వెళ్ళి వెనక్కి అడుగు. నవ్వేవాళ్ళు నవ్వుతారు, తిట్టేవాళ్ళు తిడతారు.

ఇంకో పని కూడా ఉంది. మెత్తటి పరుపు ఎవరైనా కుడతారు. దూది కూరితే చాలు, అదే మెత్తగా ఉంటుంది. బెత్తెడు మందంలో, నాలుగు మూలలా ఒకే గట్టితనంతో, నొక్కి తీస్తే అరచేయి ఆనవాలు మిగలకుండా, మంచం అంచులకు అతికినట్టు కుట్టడం ఎంత కష్టమో నాకు ఇక్కడ రోజూ కనబడుతుంది. మిషన్ల మీద చేసినవే పదింటికి మూడు ఒక మూల కుంగుతాయి. కొబ్బరిపీచు పొర వేసి, పైన దూది పలుచగా ఏకి, దగ్గర దగ్గరగా దబ్బనం దింపితే వస్తుందని నా ఊహ. చేతితో కుట్టగలరా అని మా పెద్దాయన్ని అడిగాను. "చేతితోనా? ఎవరివల్లా కాదు" అన్నాడు. ఆయనకు నీ సంగతి తెలియదు కదా.

చిన్నది


ఏప్రిల్ 24

బంగారూ,

ఆడపిల్ల. పంతొమ్మిదో తేదీ పొద్దున, చెప్పిన గడువుకు మూడు రోజుల ముందే. మీ అక్క ఫోను చేసి నీకు చెప్పింది కదా, కానీ అది అన్నీ చెప్పదు, నేను చెబుతాను. పిట్ట కొంచెం కూత ఘనం. అరిస్తే గడియారం కొట్టులో గోడ గడియారాలన్నీ అదురుతున్నాయి. (రాసేవాడి మాట: రెండు ఆగిపోయాయి. నిన్నటి నుంచి నా మాటలు మళ్ళీ కలపొచ్చని అనుమతి వచ్చింది.)

పరుపు కుట్టాను. నీ పెద్దాయనతో చెప్పు, ఎవరివల్లా కాదన్నది నావల్ల అయిందని. మొదటిది ఒక మూల పొంగింది, విప్పేశాను. రెండోది నడుమ కుంగింది, విప్పేశాను. మూడోదాని మీద గడియారాన్నీ మీ బావనూ వడ్రంగినీ వరసగా కూర్చోబెట్టి, వాళ్ళ బరువు కింద అణిచి కుట్టాను. ముగ్గురూ కదలకుండా కూర్చుంటే చాలు. అది కూడా సరిగా చేయలేదు, వడ్రంగికి తుమ్ములొచ్చాయి. ఇనుపబిళ్ళ లేదు కాబట్టి గోడ గడియారం పలక ఒకటి విప్పించి, ముల్లు పక్కకు పెట్టి, పరుపు మీద పెట్టి చూశాం. ముల్లు గుడ్డకు తగల్లేదు. నాలుగు మూలలా, నడుమా పెట్టాం. ఎక్కడా తగల్లేదు. చెయ్యి నొక్కి తీశాను. ఆనవాలు లేదు. అంత గట్టి పరుపు కుట్టినందుకు నా జన్మలో మొదటిసారి గర్వపడ్డాను. వడ్రంగి పదకొండు చువ్వలు వేశాడు. నీ చెక్కముక్క ఎక్కడా దూరలేదు.

ఇంటికొచ్చిన రోజు పిల్లను అందులో వెల్లకిలా పెట్టాం. పైన ఒంటికి పట్టిన పలుచటి చొక్కా, అంతే. నాకు గుండె తరుక్కుపోయింది. ఇంత పెద్ద మంచంలో ఇంత ముక్క, చుట్టూ ఏమీ లేకుండా. చేతులు రెండూ పైకెత్తి, దొరికిపోయిన దొంగలా పడుకుంది. నేను పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉంటే పొట్ట లేస్తోంది, దిగుతోంది. ఏదీ అడ్డం లేదు, అంతా కనబడుతోంది. దిండ్లున్నప్పుడు ఇది ఎవరికీ కనబడలేదు కదా అనిపించింది. అప్పుడు కుదుటపడ్డాను.

చూడ్డానికి వచ్చేవాళ్ళు ఊరుకోరు కదా. ఒకామె బొచ్చు ఎలుగుబంటి తెచ్చింది, ఒకాయన బొంత తెచ్చాడు. మెట్ల కింద నేను కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. సంచి విప్పి చూపించనిదే పైకి వెళ్ళనివ్వను. "దిండ్ల కొట్టు మనిషివి, నువ్వే దిండు వద్దంటావా?" అని ఎలుగుబంటి ఆమె దెప్పింది. "దిండు సంగతి నాకు తెలిసినట్టు నీకేం తెలుసు?" అన్నాను. మీ బావ పిల్లను రొమ్ము మీద వేసుకుని సోఫాలో కునికితే వీపు మీద ఒక్కటి వేశాను. నిద్రొస్తే పిల్లను మంచంలో పెట్టి నువ్వెక్కడైనా పడుకో, సోఫా సందులో పడితే ఏం గతి అన్నాను. (రాసేవాడి మాట: కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. నిన్న నా కుర్చీలో మెత్త కూడా తీసేసింది. నా వయసు అరవై నాలుగు.)

ఇక నువ్వడిగిన లెక్క. ఈ ఏడాదిలో నలభై ఒకటి ఇచ్చాను. ముఖాలన్నీ గుర్తున్నాయి, నువ్వన్నట్టే. పిల్ల పుట్టకముందు మొదలుపెట్టి, ఇరవై రెండు ఇళ్ళు తిరిగాను. ఒకావిడ నవ్వింది. ఒకావిడ "ఇన్ని రోజులు చెప్పకుండా ఏం చేశావు" అని చంకలో పిల్లతోనే అరిచి తలుపు వేసేసింది, దిండు మాత్రం కిటికీలోంచి విసిరింది. అది చాలు నాకు. ఒకావిడ బదులుగా పెద్ద దిండు ఇస్తావా అని అడిగింది, ఇచ్చాను. ఇరవై రెండు ఇళ్ళల్లో ఇరవై రెండుమంది పిల్లల్ని నా కళ్ళతో చూశాను. అందరూ బాగున్నారు.

వీధి చివర నీలం గేటు ఇల్లు ఒకటుంది. చలికాలంలో ఇచ్చాను వాళ్ళకు. తెరలు మూసి ఉన్నాయి. పిల్లాడి ఏడుపు వినబడదు, ఆరేసిన గుడ్డలు కనబడవు. రెండుసార్లు గేటు దాకా వెళ్ళాను. చెయ్యి గొళ్ళెం మీదికి పోలేదు. తిరిగొచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

అత్త

(రాసేవాడి మాట. ఇది ఆమెకు చదివి వినిపించడం లేదు. పైన చివరి మాటలు రాశాక ఉండబట్టలేక నేనే నీలం గేటుకు వెళ్ళాను. మూసే ఉంది. పక్కింటివాళ్ళను అడిగితే, నెల రోజులుగా ఆమె పుట్టింట్లో ఉందని, నాలుగింటి బస్సుకు వస్తోందని చెప్పారు. అరుగు మీద కూర్చున్నాను. వచ్చారు. పిల్లాడు గుండ్రాయిలా ఉన్నాడు, నా కళ్ళద్దాలు పీకి నోట్లో పెట్టుకున్నాడు. దిండు సంగతి అడిగాను. దాని మీద వాళ్ళ పిల్లి ఐదు పిల్లల్ని పెట్టిందట, ఇప్పుడు అడిగితే పిల్లి ఇవ్వదట. ఈ మాట మీ అత్తకు చెబితే, తనను కాదని నేను వెళ్ళానని నెల రోజులు మాట్లాడదు. చెప్పకపోతే ఆమె అన్నం తినడం లేదు. ఏం చేయమంటావు, చిన్నదానా?)


మే 1

అత్తా,

బాబాయ్, ఈ ఉత్తరం ఒక్క ముక్క కూడా వదలకుండా చదవండి. వదిలితే నాకు తెలిసిపోతుంది.

అత్తా, నీ పోయిన ఉత్తరం అడుగున బాబాయి నీకు వినిపించకుండా పది పన్నెండు వాక్యాలు రాశారు. నీలం గేటు ఇంటికి ఆయన వెళ్ళారు. పిల్లాడు క్షేమం. నెల రోజులు అమ్మమ్మ దగ్గరున్నాడు, అందుకే ఏడుపు వినబడలేదు. బాబాయి కళ్ళద్దాలు నమిలాడు. నీ దిండు మీద ఇప్పుడు ఒక పిల్లీ ఐదు పిల్లిపిల్లలూ కాపురం ఉన్నాయి. ఇది ఓదార్పు కాదు, ఆయన కళ్ళతో చూసిన సంగతి. ఓదార్పు వద్దన్నావు కాబట్టి ఆయన దాచిన నిజాన్ని నేను దాచలేను. ఇక ఆయన మీద అలుగుతావో, ఆయన కుర్చీ మెత్త తిరిగి ఇస్తావో నీ ఇష్టం. మెత్త ఇవ్వమని నా సలహా. అరవై నాలుగేళ్ళ మనిషి బోర్లా పడినా లేచి కూర్చోగలడు.

నీ పరుపు కథ మా పెద్దాయనకు చదివి వినిపించాను. గడియారం పలక దగ్గర ఆపి, "మళ్ళీ చదువు" అన్నాడు. తర్వాత ఒక తెల్ల కాగితం తీసి, ముగ్గురు మనుషుల్ని వరసగా కూర్చోబెట్టిన బొమ్మ గీసి, "తుమ్మకూడదు" అని పక్కన రాసి గోడకు అంటించాడు. దాని ముందు నిలబడి ఇవాళ నేను ఎనిమిది వందల మూటలు పడేశాను, లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

ముప్పై ఏళ్ళ ఇళ్ళన్నీ మనం తిరగలేం. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు, దానికి నా చదువులో కూడా జవాబు లేదు. కానీ నీలం గేటు పోను పద్దెనిమిది ఇళ్ళున్నాయి, వాటికి దారి ఉంది. నాకు పదహారో తేదీ నుంచి పది రోజులు సెలవు దొరికింది. ముందు పిల్లను చూస్తాను, వెల్లకిలా, చేతులెత్తి. ఆ తర్వాత నువ్వూ నేనూ బయల్దేరదాం. తలుపు నువ్వు తట్టు, వాళ్ళు నీ ముఖాన్ని నమ్ముతారు. మంచం నేను కొలుస్తాను. తిట్టేవాళ్ళు తిడితే ఇద్దరం పంచుకుందాం, ఒక్కదానివే పడాల్సిన పని లేదు.

ఆ పద్దెనిమిదిలో అందరికంటే చిన్న బిడ్డ ఎవరింట్లో ఉందో ఆ ఇంటికి మాత్రం నా కోసం ఆగకు, రేపే వెళ్ళు. మిగిలిన పదిహేడూ ఏ వరసలో తిరగాలో, ఏ ఇంట్లో కుక్క ఉందో బాబాయితో రాయించి పంపు. టిక్కెట్టు కొనాలి కాబట్టి జవాబు నాకు పదో తేదీలోగా అందాలి.

నీ చిన్నది